గాదెలో దాచిన పిల్ల

నాయినకు మధులత దండాలు. గోదావరి దిగింది, మేం మళ్ళీ ఇంట్లో పడ్డాం. నేనూ అమ్మమ్మా బాగున్నాం. మధిరలో నువ్వు, హరిప్రసాద్ అన్నయ్య, వదిన కూడా బాగుంటే అంతకంటే ఏం కావాలి. బొగ్గు బాయిలో పేలుళ్ళకు నీ చెవులు పోయాయి కాబట్టి ఫోన్‌లో ఎంత అరిచినా నీకు సగమే చేరుతుంది. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువుకో.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. వరదకు వంటింటి గోడ నానిపోయింది, మిగతా ఇల్లు నిలిచింది. భద్రాచలం దవాఖానాలో మా ల్యాబ్ తెరిచారు. రాష్ట్రం విడిపోయాక అమ్మమ్మ ఊరు ఆంధ్రాలో కలిసింది కదా, పొద్దున్నే రాష్ట్రం దాటి పనికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ దాటి వస్తున్నాను. అమ్మమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరు కూడా.

ఇక నీ అసలు ప్రశ్న. రాష్ట్రపతి ఎన్నికలో మన తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ నూట ముప్పై రెండు, ఆంధ్రా ఎమ్మెల్యేది నూట యాభై తొమ్మిది అని పేపర్లో చూసి, "సమ్మె చేసి రాష్ట్రం తెచ్చుకున్నది గిందుకేనా? మనం తక్కువోళ్ళమా?" అని రాశావు. నీ కోపానికి నవ్వొచ్చింది గానీ, ఎందుకలా అన్నది నాకూ తెలియదు. తెలుసుకునేదాకా మనసు ఊరుకోలేదు. చివరికి అమ్మమ్మ పుణ్యాన తెలిసింది.

పోలింగ్ రోజున మేమింకా వరద బాధితుల కోసం బడిలో పెట్టిన పునరావాస కేంద్రంలోనే ఉన్నాం. ఈసారి అడవి ఊరి ఆడమనిషి నిలబడిందని విన్న దగ్గర్నుంచి అమ్మమ్మకు ఒకటే హుషారు. ఆ పొద్దున తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టి, ఓటరు కార్డు కొంగున ముడేసుకుని తరగతి గది ముందు నిలబడింది. ప్రతిసారీ ఓటేసేది ఆ గదిలోనే కదా!

"ఏందే, లైనే లేదు? నేనే ముందు వచ్చిన్నా?" అంది.

అక్కడ మా బాగోగులు చూస్తున్న మురళీకృష్ణ సారు నవ్వు ఆపుకుని, "ఉప్పలమ్మా, ఈ ఓటు మనం వెయ్యం. ఎమ్మెల్యేలు, ఎంపీలు వేస్తరు" అన్నారు.

"నా ఓటు ఆయనెట్ల ఏస్తడు? నన్ను అడిగిండా?"

సారు ఈసారి నవ్వు ఆపుకోలేకపోయారు. సందు చూసుకుని నేను నీ ప్రశ్న అడిగాను. ఆయన బోర్డు మీద రాసి చూపించారు. రాష్ట్రంలోని జనాన్ని ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, మళ్ళీ వెయ్యితో భాగిస్తారట. మనం తక్కువోళ్ళమేం కాదు నాయినా, లెక్క అట్లా వచ్చింది. వింత ఏమిటంటే ఆ జనం ఇప్పటి జనం కాదు. డెబ్బై ఒకటిలో జనాభా లెక్కలకు దొరికిన జనం. అంటే నువ్వున్నావు. నేనూ అన్నయ్యా లేము. అమ్మ ఉంది.

ఆ మాట తట్టగానే బోర్డు మీది లెక్కను మళ్ళీ చూశాను. అమ్మ పోయి ఇన్నేళ్ళయినా ఒక ఓటులో పిసరంత మిగిలి ఉందన్నమాట! మరి ఈ ఊళ్ళు అటు మారాయి కదా, అమ్మ ఇప్పుడు ఏ రాష్ట్రం లెక్కలో ఉన్నట్టు? సారునూ అదే అడిగాను, కనుక్కుని చెబుతానన్నారు. అమ్మమ్మ మాత్రం మొహం అటు తిప్పుకుంది.

"డెబ్బై ఒకటంటే, ఇంటింటికి వచ్చి మనుషులను రాసుకున్నరు, గదేనా?"

"అవ్ అమ్మమ్మా."

"గప్పుడు మీ అమ్మను గాదెల దాచిన."

వచ్చింది టీకాలు వేసేవాళ్ళనుకుందట. సూది పేరెత్తితే అమ్మ వణికిపోయేదట. పిల్లలెందరని అడిగితే, వడ్ల గాదెలో పిల్లను పెట్టుకుని, "పిల్లల్లేరు సారూ" అనేసిందట. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు.

"నా నోటితోనే లేదన్న బిడ్డా. నిజంగనే లేకుండ పోయింది" అని బడి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

నాయినా, ఇంతసేపూ రాయకుండా ఆపింది ఒకటుంది. మధిరకు వచ్చెయ్యమన్నావు. రాను. ఇంటికొచ్చాక నా ఓటు మధిర నుంచి అమ్మమ్మ ఊరికి మార్పించుకున్నాను. తెలంగాణ కోసం సమ్మెలో కూర్చున్న కాశయ్య బిడ్డ ఆంధ్రా ఓటరైంది. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. తిట్టాలనిపిస్తే తిట్టు, గట్టిగానే తిట్టు. గోదావరి మీద కడుతున్న ప్రాజెక్టు నీళ్ళలో మునగకుండా ఈ ఊరు ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పడం లేదు. ఉన్నన్నాళ్ళూ అమ్మ పేరు లేని చోట నా పేరుండాలనిపించింది.

మొన్న ఓటర్లను సరిచూసే ఆవిడ మా గడప దగ్గరికొచ్చి, "ఇంట్ల ఎంతమంది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

"ఇగో, నా పిల్ల. మంచిగ చూసి రాసుకో" అంది.

ఇట్లు,
నీ బిడ్డ
మధులత