పదమూడో వరుస

నా గడుగ్గాయికి,

"అంత తెలివితక్కువ పని ఎవరు చేస్తారు అమ్మమ్మా?" అన్నావు మొన్న ఫోన్లో. ఆ మాట దిద్దుకో. చేస్తారు. చేసిన మనిషితో నేను నలభై ఒక్క ఏళ్ళు కాపురం చేశాను.

నీ గొడవ నాకు అర్థమైనంత చెప్తాను, తప్పైతే నవ్వుకో. మీ ఆటోమేషన్ సాధనంలో పాత ఫైళ్ళు తుడిచేసే మాడ్యూల్ ఒకటుంది. దానికి పేర్ల జాబితా అయినా ఇవ్వాలి, "అన్నీ" అనైనా ఇవ్వాలి. రెండూ కలిపి ఇస్తే కిక్కురుమనకుండా జాబితాను పక్కన పడేసి మొత్తం ఊడ్చేస్తుంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలో, ఏది దేనితో కలపకూడదో నువ్వొక పట్టిక రాశావు. పేజీ పొడుగైందని మీ పై అధికారి దాన్ని తీసెయ్యమన్నాడు. సోమవారం ఆ పేజీ బయటికి వెళ్తుంది. నువ్వేమో "పోనీలే" అనేలా ఉన్నావు.

నేను నూలుకు రంగులు వేసే మిల్లులో ఉద్యోగం చేశానని నీకు తెలుసు. ఏం చేశానో ఎప్పుడూ అడగలేదు. యంత్రాల పక్కన వేలాడదీసే అట్టలు రాసేదాన్ని. ఏ మీట ముందు, ఏ మీట తర్వాత. మా సూపరింటెండెంటు పట్టుదల ఒకటే, అట్టకు పన్నెండు వరుసలు దాటకూడదని. కొత్త రంగుతొట్టికి నేను రాసినవి పదమూడయ్యాయి. "ఆవిరి ఆపకుండా మూత తీయరాదు" అన్నదాన్ని కొట్టేశాను. ఆయన కాదు, నేనే. అచ్చం నీలాగే అనుకున్నాను, అంత తెలివితక్కువ పని ఎవరు చేస్తారని.

మీ తాతయ్య చేశారు. అప్పుడే పనిలో చేరారు. అట్టను మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివారు. ఎనిమిదో వరుస తొట్టిలోకి ఆవిరి వదలమంది, తొమ్మిదోది మూత తీసి రంగు చూడమంది. చూశారు. ఆవిరి కొట్టిన ఆ ఎడమచెయ్యి చిన్నప్పుడు వేడినీళ్ళు ఒలికి కాలిందని మీ అందరికీ చెప్పింది ఆయన సొంత కవిత్వం.

విచారణలో "అట్ట చదివావా?" అని అడిగారు. "చదవలేదండీ, తప్పు నాదే" అన్నారు. విచారణ కాగితాలు రాయడమూ నా పనే. ఆ మాటనూ రాసుకున్నాను, కలం ఆగలేదు. ఆ ఒక్క మాటకు ఆయన మేస్త్రీ కావడం ఆరేళ్ళు వెనక్కి పోయింది.

వారం తర్వాత చేతికట్టుతో నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అమ్మాయిగారూ, మీ దస్తూరి ముత్యాల్లా ఉందండీ. ఒక్క వరుస తక్కువైంది, అంతే."

"చదవలేదన్నారుగా?"

"చదివానంటే మీ ఉద్యోగం ఉంటుందాండీ?"

"నా ఉద్యోగంతో మీకేం పని?"

"ఆ వరుస రాసేవాళ్ళు ఉండొద్దూ?"

ఆ పూటే పదమూడు వరుసలతో కొత్త అట్ట రాశాను. సూపరింటెండెంటు ఎగిరిపడ్డాడు. "అయితే పన్నెండు దగ్గర ఆగమని ఆవిరికి కూడా చెప్పండి" అన్నాను. మిల్లు మూసేదాకా ఆ అట్ట అక్కడే వేలాడింది. తర్వాత ఎన్నేళ్ళో మీ తాతయ్య గోళ్ళు చూసి ఆ వారం ఏ రంగు నడుస్తోందో చెప్పేదాన్ని. ఆ తడినూలు వాసన ఇప్పటికీ ఇస్త్రీపెట్టె కింద లేస్తుంది.

నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు. మొదట భయం, తర్వాత సిగ్గు, ఆపైన అలవాటు. ఆయన పోయిన రోజు మీరంతా ఆ వేడినీళ్ళ కథే చెప్పుకుంటుంటే వింటూ కూర్చున్నాను. నీకే మొదట రాస్తున్నాను. మీ అమ్మకు కూడా చదివి వినిపించు.

"ఎవరూ చదవరు" అని కూడా అన్నావు. చదవనివాడు జంకి మూత ముట్టుకోడే. నమ్మి చదివిన మనిషికే కాలింది.

ఆదివారం వచ్చేటప్పుడు ఆ పేజీని పెద్ద అక్షరాల్లో అచ్చుతీసి తే, పట్టికతో సహా. దారిలో సన్నగా రాసే ఎర్ర రీఫిల్ ఒకటి కొను. కిందటిసారి నీలం తెచ్చావు, అది నువ్వే ఉంచుకో.

ఆ వరుస కొట్టేసిన
మీ అమ్మమ్మ