స్పోర్ట్సు కారుకి లారీ కమాన్లా

ఆనందా,
మెకానిక్కు హజరత్తయ్య వస్తే బ్రేకులు మాత్రం చూడమను. మిగతావి ముట్టుకోనీయొద్దు. కొత్తగా కొన్న స్పోర్ట్సు కారుకి మొట్టమొదట చక్రాల మీద బరువు మోసే లారీ కమాన్లు వేయమన్నావంట, పక్క సీటు పీకేయమన్నావంట. ఆయనే చెప్పినాడు. నేను చదివింది బీయే, మెకానిక్కు పని కాదు. అయినా అడుగుతున్నాను, ఇద్దరు కూర్చునే కారుకి అంత బలం దేనికిరా? తడ చెక్‌పోస్టు దొంగచాటుగా దాటించి మద్రాసులో అమ్మే బియ్యం మూటలకి కాదని అమ్మ ముందర చెప్పు, నమ్ముతాను.

నేను నెల్లూరు బస్సుకి పోతున్నాను. చేపల పులుసు ఉట్టి మీద పెట్టినాను, వేడి చేసుకుని తిను.
అన్న

మరిచినాను. ఆదివారం ఆ పక్క సీట్లో కూర్చుని చర్చికి పోతానని అమ్మ వీధంతా చెప్పుకుంది. పీకే ముందు ఆమెకి నువ్వే చెప్పు.