ఎమ్మిగనూరు కింద ఒత్తు

శ్రావణ సోమవారం, ఆదోని. పొద్దున తుంపర పడింది. బ్రష్షులు కడిగి ఆరబెట్టాను.

మస్తానన్నా, గాలికి చీరల అంగడి ఫ్లెక్సీ చిరిగి, మనం రంగులేసిన గోడ బయటపడింది. ‘ఎమ్మిగనూరు నేత చీరలు’. ఆరోజు నువ్వు మ కింద ఒత్తు మరిచి దిగిపోతే, తరవాత నేనే ఎక్కి పెట్టాను. నీకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లయినా నీ అక్షరాలన్నీ నిలిచాయి. నా ఒత్తు ఒక్కటే రాలిపోయింది.

జనం ఆగి ఫోటోలు తీస్తున్నారు. అంగడాయన నన్ను పిలిపించి, “మస్తాను చెయ్యంటే చెయ్యేప్పా! ఆ ఒత్తొకటి నువ్వు పెట్టు” అన్నాడు. నిచ్చెనెక్కి నీ వంపు తిప్పాలని చూశాను. రాలేదు, నా వంపే వచ్చింది.

ఫోటో తీస్తున్న ఒకావిడ కింద నుంచి అరిచింది: “ఏందన్నా, ఆయప్ప రాసిండేదాన్ని సెడగొడతాండావు! తప్పయినా ముద్దుగుండాది.”

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ తప్పు కూడా నా ఒప్పు కంటే ముద్దట. కుళ్ళుకున్నానన్నా. తడి ఆరకముందే తుడిచేద్దామని గుడ్డ తీశాను. తుడిస్తే ఆ గోడంతా నీదే అవుతుంది. గుడ్డ జేబులో పెట్టుకుని దిగాను. తరవాత నిచ్చెన భుజాన వేసుకుని ఇంటికి నడిచాను.