ముహూర్తం కుదరని పట్టుబట్ట

అనంతపురం,
2 మార్చి 2020

మార్కండేయ గారికి నమస్కారం.

మీకు ఫోన్‌లో సరిగా వినపడదని, ఏ పని ఉన్నా ఉత్తరం రాయమని మీ మనవరాలు జ్యోతిలక్ష్మి చెప్పింది. నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

మాది 'నాలుగో గేరు' అనే పాటల బృందం. పాడేది నేను. గిటారు కార్తికేయ, కీబోర్డు సుమంత్, డ్రమ్ములు సురేంద్ర. ఇన్నాళ్లూ కాలేజీ ఫంక్షన్లలో పాడుతూ వచ్చాం. ఏప్రిల్ 4న అనంతపురంలో మా మొదటి సొంత కార్యక్రమం. ఆ తర్వాత వరసగా కర్నూలు, బళ్లారి, బెంగళూరు. హాళ్లు మాట్లాడేశాం, పోస్టర్లు కూడా అంటించాం. స్టేజీ మీద మా వెనక వేలాడదీయడానికి ధర్మవరం పట్టుబట్ట ఒకటి నేసివ్వాలి. రంగు నలుపు. దాని మీద జరీతో మా నలుగురి పేర్లు, కింద తేదీ.

రెండేళ్లుగా ఈ రోజు కోసమే ఎదురుచూస్తున్నాం. దయచేసి బాగా నెయ్యండి.

ఇట్లు,
చాందిని

తా.క.: నలుపంటే అచ్చమైన నలుపు. ముదురు నీలం పంపి ఇదీ నలుపేనమ్మా అనకండి. మా అమ్మది కిరాణా అంగడి, ఆ మాటలన్నీ నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను.

~

ధర్మవరం,
9 మార్చి 2020

చిరంజీవి చాందినికి మార్కండేయ దీవించి రాయడమేమంటే,

నీ ఉత్తరం అందింది. నలభై ఏళ్లలో పేర్లూ తేదీ ఇచ్చి పట్టు నెయ్యమన్న వాళ్లందరూ పెళ్లివాళ్లే. కాబట్టి నువ్వు సిగ్గుపడి ఆ మాట రాయకపోయినా నాకు అర్థమైంది. పెళ్లి అనంతపురంలో, రిసెప్షన్లు మూడు ఊళ్లలో! గట్టి సంబంధమే కుదిరినట్టుంది. పెళ్లిలో పాటలు కూడా పెట్టుకున్నారు, మంచిది.

నలుపు శుభకార్యానికి పనికిరాదు తల్లీ. మగ్గానికి కుంకుమరంగు నిలువు దారాల పడుగు ఎక్కించినాను. ఆ దారం ముక్క ఈ ఉత్తరానికి అంటించినాను, చూసుకో. ఇంకో సంగతి. పేర్లు నేసిన బట్టను మేము, ఆ కార్యం జరిగే రోజు పొద్దున్నే మగ్గం మీంచి కోస్తాం. అంతకు ముందు కత్తెర తాకించం. మా నాయన కాలం నుంచి అదే పద్ధతి.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆవిడ ఆంజినమ్మ, "ఏమప్పా, ఒక ఆడపిల్ల పేరుకు ముగ్గురు మగపిల్లోళ్ల పేర్లు ఉండాయే. ఈళ్లలో పెండ్లికొడుకు యాడుండాడు?" అని అడిగింది.

ఇట్లు,
మార్కండేయ

తా.క.: ముగ్గురిలో ఎవరో గుర్తు పెట్టి పంపు. మిగిలిన ఇద్దరి పేర్లు చిన్న అక్షరాలతో నేస్తాను.

~

అనంతపురం,
21 ఏప్రిల్ 2020

మార్కండేయ గారికి నమస్కారం.

ముగ్గురిలో ఎవరూ కాదండీ! మాది పెళ్లి కాదు, కచేరీ. పాటల కచేరీ. పోనీ, ఇప్పుడు అదీ లేదు. 4వ తేదీన హాలుకు తాళం, నలుగురం నాలుగు ఇళ్లలో. కర్నూలు వాళ్లు, బళ్లారి వాళ్లు, బెంగళూరు వాళ్లు అందరూ ఒకే మాట చెప్పారు. ఈ లాక్‌డౌన్ ఎప్పుడు తీస్తారో తెలియదు కాబట్టి మా పర్యటన మొత్తం రద్దు చేసుకున్నాం. బట్ట ఎంతవరకు నేశారో అంతటితో ఆపి, కోసి పంపండి. మీ కష్టం ఊరికే పోనివ్వం.

ఈ సంగతి తాతకు సరిగ్గా చెప్పమని జ్యోతిలక్ష్మికి ఫోన్ చేశాను. "చెప్పినా అక్కా, ఆయన ఇంటేనా?" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

ఇట్లు,
చాందిని

తా.క.: మీరు పంపిన దారం ముక్క మా అమ్మ కన్యకమ్మ చూసింది. "రంగు బలే ఉందే, ఎవరి పెండ్లికి?" అంది. ఉత్తరం మాత్రం దాచేశాను.

~

ధర్మవరం,
5 మే 2020

చిరంజీవి చాందినికి మార్కండేయ దీవించి రాయడమేమంటే,

పెళ్లి ఆగిపోతే నామోషీపడి కచేరీ అని చెప్పుకోవాల్సిన పని లేదు తల్లీ. ఈ వేసవిలో మా ఊళ్లో పెట్టుకున్న పెళ్లిళ్లన్నీ ఆగినాయి. వాళ్లెవరూ రద్దు అనలేదు, వాయిదా అన్నారు. నువ్వొక్కదానివే ఆ మాట రాసినావు. దాన్ని కొట్టేసి చదువుకున్నాను.

ఏప్రిల్ 4 నేసేసినాను. నేసిన పట్టు విప్పితే దారం పాడవుతుంది కాబట్టి విప్పలేను. కార్యం జరగలేదు కాబట్టి కోయలేను. కొత్త తేదీ రాస్తే దాని కిందనే నేస్తాను. పడుగు మూడు చీరల పొడవుంది, చోటుకు కరువు లేదు.

ఇట్లు,
మార్కండేయ

తా.క.: మీ అమ్మగారికి పసుపు కుంకుమ, రవికెగుడ్డ పార్సిలు పంపినాను. పెళ్లికొడుకు ఎవరో నువ్వు రాయలేదు కాబట్టి ముగ్గురికీ తలా ఒక తువ్వాలు అందులోనే పెట్టినాను.

~

అనంతపురం,
2 జూన్ 2020

మార్కండేయ గారూ, ఎంత పని చేశారండీ!

పార్సిలు నేరుగా అమ్మ చేతికి పోయింది. మా అంగడి ముందు జనం ఎడంగా నిలబడడానికి సున్నంతో గుండ్రాలు గీశారు. అమ్మ ముగ్గురినీ పిలిపించి, మాస్కులతో తలా ఒక గుండ్రంలో నిలబెట్టింది. నేను బియ్యం మూటల వెనక దాక్కున్నాను.

"మీలో ఎవరప్పా?" అంది అమ్మ.

ముగ్గురూ పక్క గుండ్రం వైపు చూశారు. అమ్మ కార్తికేయను పట్టుకుంది. "నువ్వు ఏం చేస్తావు?"

"గిటారు వాయిస్తానమ్మా."

"అది సరే, పని ఏం చేస్తావు?"

నాలుగో గుండ్రంలో చక్కెర కోసం నిలబడిన బాలప్ప, "ఎవరో ఒకర్ని తేల్చమ్మా, నాకు ఎండ తగుల్తాండాది" అన్నాడు.

చివరికి ఎలాగో అమ్మకు నచ్చజెప్పాను. నచ్చలేదు గానీ లోపలికి వెళ్లింది. రెండు నెలల తర్వాత నలుగురం ఒకచోట కలవడం అదే. నేనూ ఒక గుండ్రంలోకి వచ్చాక, అక్కడి నుంచి కదలకుండానే ఒక పాట పాడుకున్నాం. ఎంత హాయిగా అనిపించిందో రాయలేను. ఇది మీ తువ్వాళ్ల పుణ్యమే కాబట్టి తేదీ ఇస్తున్నాను. ఆగస్టు 15. కచేరీ తేదీ అండీ, కచేరీ!

ఇట్లు,
చాందిని

తా.క.: బాలప్ప పాట పూర్తయ్యేదాకా నిలబడి, చక్కెర మరిచిపోయి ఇంటికి వెళ్లాడు. మళ్లీ తిట్లు తిని వచ్చాడు.

~

ధర్మవరం,
1 సెప్టెంబరు 2020

చిరంజీవి చాందినికి మార్కండేయ దీవించి రాయడమేమంటే,

ఆగస్టు 15 నేసినాను. అదీ దాటిపోయింది. ఇంకో తేదీ పంపు.

మా వీధిలో చాలా మగ్గాలు ఆగిపోయినాయి. పెళ్లిళ్లు లేకపోతే పట్టు ఎవరికి కావాలి? మా ఇంట్లో మగ్గం ఆడేది నీ బట్ట ఉండబట్టే. నలభై ఏళ్లు ఆ చప్పుడులో కూర్చుని చెవులు పోయినాయి గానీ, దాని దెబ్బ ఇప్పటికీ కాళ్లకు తెలుస్తుంది. రోజుకు నాలుగు వేళ్ల మేర మాత్రమే నేస్తున్నాను. త్వరగా అయిపోతే మర్నాడు లేచి ఏం చెయ్యాలి?

ఇట్లు,
మార్కండేయ

తా.క.: మీకు ముహూర్తాలు పెడుతున్నది ఎవరో గానీ, ఆయన్ను మార్చండి.

~

అనంతపురం,
2 ఫిబ్రవరి 2021

మార్కండేయ గారికి నమస్కారం.

మీరు అడిగారని జనవరి 26 అని కార్డు రాశాను. అదీ జరగలేదు. హాలుకు అనుమతి రాలేదు.

ఇంక తేదీ అడగకండి. సుమంత్ బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు, కీబోర్డు అమ్మేస్తానంటున్నాడు. సురేంద్ర పార్సిళ్ల ఆటో నడుపుతున్నాడు. కార్తికేయ ఫోన్ ఎత్తడం మానేశాడు. నేను అంగడిలో కందిపప్పు కట్టిస్తున్నాను. ఎవరూ ఎవరితోనూ గొడవ పడలేదు. గొడవ పడ్డా బాగుండేది, మళ్లీ కలిసేవాళ్లం. నలుగురం మెల్లగా మాట్లాడుకోవడం మానేశామంతే. నాకు చాలా బాధగా ఉంది.

ఆ బట్ట కోసేయండి.

ఇట్లు,
చాందిని

తా.క.: ఈసారి నిజంగానే నామోషీగా ఉంది.

~

అనంతపురం, ఆసుపత్రి వరండా నుంచి,
20 మే 2021

చిరంజీవి చాందినికి మార్కండేయ రాయడమేమంటే,

నేను మీ ఊళ్లోనే ఉన్నాను. నువ్వు రావద్దు, ఇక్కడికి ఎవరూ రాకూడదు. ఆంజినమ్మకు కరోనా వచ్చింది, ఆక్సిజన్ పెట్టినారు. తొమ్మిది రోజులైంది. మగ్గం ఆగిపోయింది.

బట్ట నేను కోయలేదు. జనవరి 26 దగ్గర ఆగి ఉంది.

నన్ను లోపలికి పోనివ్వరు. నర్సమ్మ వనజాక్షి మంచి మనిషి. ఆంజినమ్మ అన్న మాట కాగితం మీద రాసి తెచ్చి చూపిస్తుంది. నిన్న తెచ్చిన కాగితంలో, "ఆ పిల్ల తేదీ రాసిందా?" అని ఉంది. నేనేం జవాబు పంపాలి? నాకు భయంగా ఉంది తల్లీ. ఒక తేదీ పంపు. అబద్ధమైనా సరే.

ఇట్లు,
మార్కండేయ

తా.క.: ముగ్గురిలో ఎవరో తేలకుండా తాను పోనని కూడా రాయించింది.

~

అనంతపురం,
24 మే 2021

తాతా,

మీ ఉత్తరం ఫోటో తీసి ముగ్గురికీ పంపాను. ఐదు నిమిషాల్లో ముగ్గురూ వీడియోలోకి వచ్చారు. కార్తికేయ కూడా. తర్వాత సుమంత్ తన కీబోర్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాన్ని అమ్మేయలేదు తాతా, అట్టపెట్టెలో పెట్టుకున్నాడంతే.

రాసుకోండి. 27 ఫిబ్రవరి 2022, ఆదివారం, అనంతపురం. ఇది అబద్ధం తేదీ కాదు. అంత దూరం ఎందుకు పెట్టామంటే, అప్పటికి అవ్వ మెట్లెక్కి రావాలి. ముందు వరసలో మీ ఇద్దరికీ కుర్చీలు వేస్తాం. ఈ ఉత్తరం సురేంద్రే తన ఆటోలో తెచ్చి ఆసుపత్రి గేటు దగ్గర ఇస్తాడు.

మీ
చాందిని

తా.క.: అవ్వకు చెప్పండి, ముగ్గురిలో ఎవరో స్టేజీ మీదే చెబుతాను. వచ్చిన వాళ్లకే.

~

ధర్మవరం,
6 మార్చి 2022

చిరంజీవి చాందినికి మార్కండేయ, ఆంజినమ్మ దీవించి రాయడమేమంటే,

క్షేమంగా ఇల్లు చేరినాము. ఆంజినమ్మ మాత్రం అలిగింది. "ముగ్గురిలో ఎవరూ కాదని మైకులో చెప్పేకి నన్ను అంత దూరం పిలిపించినాదా?" అంటోంది. పాటలు బాగున్నాయని కూడా అంది, కానీ అది నీకు రాయొద్దంది.

ఆ ఆదివారం పొద్దున కత్తెర ఆమె చేతే పెట్టించినాను. ఆసుపత్రి నుంచి వచ్చినాక ఆమె చేతులు వణుకుతాయి, అందుకే కోత కాస్త వంకరగా ఉంది. సరిచేయొద్దు. బట్ట పైకి లేపగానే జనమంతా తలలెత్తి ఆ నాలుగు తేదీలూ చదివినారు. ఆ మొదటి మూడు తేదీలకూ వాళ్ల ఇళ్లల్లో కూడా ఏదో ఒకటి ఆగిపోయే ఉంటుంది.

నీ పాట నాకు వినపడలేదు. సురేంద్ర డ్రమ్ము దెబ్బ మాత్రం నేలలోంచి కాళ్లకు తగిలింది. మా మగ్గం లాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. నీ మొదటి ఉత్తరం చదివి నేను నిజంగానే పెళ్లి అనుకున్నాను. రెండో ఉత్తరం రాకముందే జ్యోతిలక్ష్మి ఫోన్‌లో మీ పోస్టరు చూపించింది. కచేరీ అని ఆ రోజే తెలుసు. ఆంజినమ్మకూ తెలుసు. అయినా రెండేళ్లు పెళ్లే అని పట్టుబట్టినాము.

ఎందుకంటే నువ్వు రద్దు అని రాసినావు. కచేరీ అయితే ఆ మాటతో అయిపోతుంది, నేను కోసి పంపాలి. పెళ్లి అంటే మాత్రం మళ్లీ తేదీ చెప్పక తప్పదు. నువ్వు తేదీ చెప్పాలంటే నలుగురూ మాట్లాడుకోవాలి. ఆ తేదీ నెయ్యాలంటే నేను పొద్దున లేవాలి. మొదట నా కోసమే చేసినాను, అబద్ధం చెప్పను. నీ గుండ్రాల ఉత్తరం చదివినాక మీ కోసం కూడా చేసినాను.

కర్నూలు తేదీ రాయి. ఈసారి నల్లపట్టు ఎక్కిస్తాను.

ఇట్లు,
మార్కండేయ

తా.క.: కచేరీ అయినాక మీ అమ్మగారు నా దగ్గరికి వచ్చి, నాకు వినపడదని ఒక చీటీ రాసి ఇచ్చింది. కుంకుమరంగు చీర ఒకటి కావాలంట. కొంగు మీద నీ పేరు నెయ్యమంది. రెండో పేరుకూ తేదీకీ చోటు వదలమంది. వదిలినాను. నీకు తొందరేమీ లేదు, పడుగు ఇంకా చాలా పొడవుంది.