కొండవాళ్ళ సంకటి

నాంపేయ ఊరు,
ములాంజె కొండ కింద,
చలి నెల

అమ్మా,

నీ పెద్దకొడుకు లాస్టన్ మోకాలు వంచి, రెండు చేతులూ మెల్లగా తట్టి నిన్ను పలకరిస్తున్నాడు. ఇక్కడ అందరం బాగున్నామని రాయడం పద్ధతి. జ్వరాలు లేవు, గాదెలో మొక్కజొన్న ఉంది, చిన్నమ్మమ్మ దగ్గు తగ్గింది. అంతవరకు బాగున్నాం.

జోహన్నెస్‌బర్గ్ నుంచి నువ్వు పంపిన ఉత్తరం బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. నువ్వు అడిగినవాటికి వరసగా చెప్తాను. ఇంటి కప్పు మళ్ళీ నేయించాం, ఉత్తరం వైపు ఇక కారదు. చెల్లి బడికి వెళ్తోంది. బ్లాంటైర్ నుంచి వచ్చే ఆ ఉద్యమం కాగితాలు ఇంకా చదువుతున్నానా అని అడిగావు. రెండు నెలలుగా ఒక్కటీ విప్పలేదు. ఎందుకో కింద రాస్తాను.

పోయిన నఖూమ్వా మామయ్య పేరు నాకు కట్టాలని పెద్దలు నిర్ణయించారు. ఆయన గొడ్డలి, ఆయన కూర్చున్న పీట నాకే వస్తాయట. ఆ రోజు నుంచి ఊరికి నేనే నఖూమ్వాని. నీక్కూడా. కడుపున పుట్టినవాణ్ణి పట్టుకుని నువ్వు ‘అన్నయ్యా’ అనాలి. నీ ఒప్పుదల అందితే తప్ప పేరు కట్టే రోజు కల్లుకి గింజలు నానబెట్టనని చిన్నమ్మమ్మ కూర్చుంది. అమ్మా, ఆ మాట పంపేముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

మిట్టదారిలో నల్లరాయి నీకు తెలుసు. దాని మీద ఆకు మూత వేసిన సంకటి, అరటిపళ్ళు ఉంటాయని, అవి కొండమీది పొట్టివాళ్ళు దారి తప్పినవాడి కోసం పెడతారని, తిన్నవాడు ఎవరు పెట్టారని అడక్కుండా నోరు మూసుకుని దిగి రావాలని నువ్వే నాకు చెప్పావు. దేవదారు పలకలు మోసే రోజుల్లో ఆ రాయి ముందు పెద్ద పెద్ద మగాళ్ళు తల వంచుకుని పోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. మన చెట్లు నరికి పలకలు పట్టుకుపోయేవాళ్ళని ఎదిరించలేని జనం, కంటికి కనపడని మరుగుజ్జులకి భయపడుతూ బతుకుతోందని మండేది. భయాన్ని వేరుతో పెరకాలని నేను చదివిన ప్రతి కాగితంలోనూ ఉంది.

ఏప్రిల్‌లో ఒకరోజు తెల్లవారుతుండగా వెళ్ళి ఆ రాయి వెనక పొదలో కూర్చున్నాను. పొట్టివాళ్ళు రాలేదు. కుండ పట్టుకుని మామయ్య వచ్చాడు. వారం తర్వాత మళ్ళీ కూర్చుంటే సకాన వచ్చాడు. అదే, పలకలు మోసే సకాన, కింది పాయవాళ్ళ వంశానికి పెద్దయిన మేనమామ. ఆ పై వారం ఇంకో వంశం పెద్ద. వారానికొకరు వంతన్నమాట.

నేనేం చేశానో విను. ముగ్గురితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో ముగ్గురి పేర్లూ రాసి, సంకటి పెట్టే కొండవాళ్ళంటే వీళ్ళేనని రాసి, కలప షెడ్డు గోడకి అంటించాను. సాయంత్రానికి ఊరంతా నవ్వింది. ‘ఏం పొట్టిదేవరా, నిన్న సంకటిలో ఉండలు కట్టాయేం?’ అని ఆరడుగుల సకానని ఆడవాళ్ళు కూడా ఆటపట్టించారు. అతను తల దించుకుని పోయాడు. ఇక తన ఇంటి కుండ కొండెక్కదని పెళ్ళాంతో అన్నాడట. మూడో ఆయనా మానేశాడు. నేను గెలిచాననుకున్నాను.

మామయ్య నన్ను తిట్టలేదు. గొడ్డలి నూరుకుంటూ తలెత్తకుండా అడిగాడు:

“ఎవరు పెడతారో కనిపెట్టావు సరే. ఎవరు తింటారో కనిపెట్టావా?”

ఎవరు తింటే ఏం, అబద్ధం అబద్ధమేనన్నాను.

“మనుషులు పెట్టారంటే దారిన పోయేవాడల్లా తింటాడురా. కొండవాళ్ళు పెట్టారంటే చావుబతుకుల్లో ఉన్నవాడే చెయ్యి వేస్తాడు. నా పేరు నీకు కట్టిన రోజున నీ చెవిలో పడాల్సిన మాట ఇది. గోడకి అంటించావు.”

అంతే అన్నాడు. తన వారం వచ్చినప్పుడు మాత్రం మానలేదు. నవ్వేవాళ్ళ మధ్యనుంచే కుండ పట్టుకుని వెళ్ళేవాడు.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. ‘కొండ తీసుకుంది అని రాశావు, అంటే ఏమిటి, మా అన్న ఎలా పోయాడు’ అని.

చిపెరోని చలిగాలికి పొగమంచు పట్టి ఐదు రోజులపాటు ఎదుటి మనిషి కనపడలేదు. పలక ఎత్తుకుని బయల్దేరిన మామయ్య దిగిపోయాడని పైన కలప కోతగాళ్ళు అనుకున్నారు, కింద మేము పైనే ఆగాడనుకున్నాం. ఆరో రోజు మంచు విడిచాక వెళ్ళాం. పలక ఒక చోట, మామయ్య ఒక చోట. పడినచోట కాలు విరిగింది. అక్కడి నుంచి నల్లరాయి దాకా గడ్డి నలిగి ఉంది, పాక్కుంటూ వచ్చాడు. రాయికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. రాయి మీద ఏమీ లేదు.

అది సకాన వారం అమ్మా. రోజు విడిచి రోజు కుండ తెచ్చి పెట్టే వారం. తిండి సంగతి వదిలెయ్. పెట్టడానికి మనిషి వచ్చి ఉంటే మామయ్య రెండో రోజే దొరికేవాడు. రెండో రోజుకి బతికే ఉన్నాడు, నాకు తెలుసు. ఎప్పటిదో మూత అరటాకు తుంచి, రెండో రోజు పడ్డ వాన నీళ్ళు పట్టుకోవడానికి దొప్ప చేసుకున్నాడు. ఆ దొప్ప నేను చూశాను.

కాగితం చూసి నవ్విన ఊళ్ళోవాళ్ళే ఇప్పుడు, నేను ఎగతాళి చేసినందుకు కొండవాళ్ళు పగబట్టి ఆయన్ని తీసుకున్నారంటున్నారు. నామీద కోపం కూడా లేదు, జాలి. పాతిపెట్టేటప్పుడు సకాన నా పక్కనే నిలబడ్డాడు, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అది అబద్ధమని నోరెత్తి చెప్పగలిగేవాళ్ళం మేమిద్దరమే. సకాన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అబద్ధాన్ని వేరుతో పెరుకుతానన్నవాణ్ణి దాని చాటునే దాక్కున్నాను. నీకు రాసిందీ ఆ అబద్ధాన్నే.

పోయిన నెల నేనే సంకటి వండుకుని వెళ్ళి రాయి మీద పెట్టాను. మర్నాడు ఇద్దరు మోతగాళ్ళు ఎదురై, సంకటి బాగుందిరా లాస్టన్, మళ్ళీ ఎప్పుడు అని అడిగారు.

ఆ వారం కుండ రాకే మామయ్య పోయాడని మన పెద్దలకి తెలియదు. తెలిస్తే పీట ఇవ్వరు. తెలియకుండా ఆ పీట మీద కూర్చోవడం నావల్ల కాదు. వాళ్ళకంటే ముందు నీకు చెప్పాలనిపించింది, పోయింది నీ తోడబుట్టినవాడు గనుక. పెద్ద ఉత్తరం రాయొద్దు. పైన నన్ను పిలిచే మాట చాలు. ‘అన్నయ్యకు’ అని ఉంటే అందరి ముందూ జరిగింది చెప్పి, అప్పటికీ వాళ్ళు ఇస్తానంటే ఆ పేరు మోస్తాను. ‘లాస్టన్‌కు’ అని ఉంటే ఆ పేరు వద్దని నేనే చెప్తాను. ఏ పేరూ లేకుండా ఉత్తరం వస్తే, అమ్మా, అప్పుడేం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా నీ కొడుకు,
లాస్టన్