బీరువాలో ఫైలు, బెంచీ మీద నాన్న

గౌరవనీయులైన కోర్టు పరిపాలనాధికారి గారి సముఖమునకు,
తాళాలు బాగుచేసేవాని కుమార్తె, కళాశాల రెండవ సంవత్సరం విద్యార్థిని, పన్నెండవ వాయిదాకు ఆరు రోజుల ముందు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కోర్టు రికార్డు గదిలోని బీరువా తాళం తీయించి, ముద్దాయి తన జవాబు తాను చెప్పుకొనే వీలు కల్పించుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, మా నాన్నగారు బజారులో చెప్పుల దుకాణం మెట్ల కింద కూర్చుని ఇరవై ఆరేళ్ళుగా తాళాలు బాగుచేస్తున్నారు. దొంగతనానికి సాయపడినారని ఆయనపై కేసు పెట్టి రెండేళ్ళు కావస్తున్నది. "నేరం ఒప్పుకుంటావా, లేదా?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆయన పదకొండు వాయిదాలకు హాజరైనారు. ఆ ప్రశ్నను ఇంతవరకు ఎవరూ అడగలేదు. వివరములు ఈ దిగువన మనవి చేయడమైనది.

1. రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న మనిషి ఒకడు షాపుకు వచ్చి, తాళంచెవి పోయింది, ఇంటి తలుపు తీసిపెట్టమని అడిగినాడు. ఇరుగుపొరుగువారిలో ఎవరో ఒకరు అవునంటే తప్ప మా నాన్నగారు పరాయి గుమ్మంలో తాళం ముట్టుకోరు. ఆ ఇంటి గుమ్మం ముందు ఆ సంగతి చెప్పగా, ఆ మనిషి ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న పెద్దావిడ వైపు చూసి, "పిన్నిగారూ, మళ్ళీ తాళంచెవి పోగొట్టుకున్నానండీ" అన్నాడు. ఆవిడ "కాస్త జాగ్రత్తగా ఉండాలి బాబూ" అన్నది. మా నాన్నగారికి అది చాలింది. ఆవిడ అతన్ని అంతకుముందు ఎన్నడూ చూడలేదనీ, ఎవరో పలకరించారు కదా అని బదులు పలికిందనీ తరువాత తెలిసింది.

2. తాళం ఊడివచ్చాక మా నాన్నగారు తలుపుకు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి నిలబడినారు. ఇది ఆయన పనిలో ఆచారం. నేర్పిన గురువుగారు మొదటి రోజే చెప్పారట: "తాళం వరకే మనం. గడప అవతలిది మనకొద్దు. తలుపు తెరుచుకునేటప్పుడు అటు తిరుగు." అందువల్ల ఆయన తలుపులు తీసిన ఇన్ని వందల ఇళ్ళలో ఒక్క ఇంటి లోపలి గోడ రంగు కూడా ఆయనకు తెలియదు. "పాత తాళంచెవి లోపల ఉందేమో చూసొస్తా, ఆగండి" అని చెప్పి ఆ మనిషి లోపలికి పోయినాడు. మా నాన్నగారు పావుగంట అలాగే ఆగినారు. అతడు ఆ ఇంటివారి గొలుసుతో పెరటి తలుపు గుండా వెళ్ళిపోయినాడు. పోలీసు కాగితాలలో మాత్రం "ముద్దాయి వీధి వైపు చూచుచు కాపలా కాసెను" అని ఉన్నది. పోలీసులకు సాక్ష్యమిచ్చిన ఎదురింటి పెద్దావిడ అబద్ధం చెప్పలేదు. ఆయన నిలబడిన మాట నిజం, వీధి వైపు తిరిగిన మాట నిజం. ఆ రెండు నిజాలనూ కలిపి కుట్టిన చొక్కా మాత్రం మా నాన్నగారి కొలతది కాదు.

3. ఇక బీరువా సంగతి. కేసు తాలూకు అసలు ఫైలు తమ రికార్డు గదిలో, కిటికీ పక్కనున్న ఇనుప బీరువాలో ఉన్నది. దాని తాళంచెవి బదిలీ మీద వెళ్ళిన పాత గుమాస్తాగారితో పాటు వెళ్ళిపోయింది. ఆయనకు ఉత్తరం రాయగా, తన దగ్గర లేదని జవాబు వచ్చినది. బీరువా పగలగొట్టేందుకు అనుమతి కోరుతూ పైఆఫీసుకు రాయగా, బీరువా నంబరు తెలుపవలసిందిగా తాఖీదు వచ్చినది. నంబరు రాసి ఉన్న రిజిస్టరు ఆ బీరువాలోనే ఉన్నది. నాలుగవ వాయిదా నుండి పదకొండవ వాయిదా వరకు మా కేసు వాయిదా పడడానికి కారణం ఇదే తప్ప వేరొకటి కాదు.

4. సదరు బీరువా, వరండాలో ముద్దాయిలు కూర్చునే బెంచీకి ఎదురుగా, తెరిచి ఉన్న తలుపులోంచి కనబడుతూ ఉంటుంది. మా నాన్నగారు ఎనిమిది వాయిదాలుగా దాన్నే చూస్తూ కూర్చుంటున్నారు. ఏడవ వాయిదా నాడు ఉండబట్టలేక లేచి వెళ్ళి, "అయ్యగారూ, ఆ తాళం పాడవలేదండీ. లోపల నాలుక తుప్పు పట్టి బిగుసుకుంది, అంతే. రెండు చుక్కల నూనె, ఒక సన్న కమ్మీ ఉంటే ఇప్పుడే తీసిస్తా" అని ఇప్పటి గుమాస్తాగారితో అన్నారు. గుమాస్తాగారు కళ్ళజోడు తీసి, మా నాన్నగారిని కింద నుంచి పైదాకా చూసి, "నీ మీదున్న కేసేమిటో గుర్తుందా?" అని అడిగారు.

"ఉందండీ. తాళం తీసినందుకే."

"మరి కోర్టు బీరువా కూడా తీస్తానంటావేమిటయ్యా? నువ్వు తీస్తే ఇంకో కేసవుతుంది, తీయకపోతే ఈ కేసు అవదు. వెళ్ళి కూర్చో, పుణ్యముంటుంది."

ఆయన చెడ్డవారు కాదు. ఆ రోజు మా నాన్నగారికి మంచినీళ్ళు తెప్పించి ఇచ్చినది ఆయనే.

5. గత వాయిదాలో మా ప్లీడరుగారు ఒక మార్గం చెప్పారు. నేరం కాదంటే సాక్షులు, వాంగ్మూలాలు, అసలు ఫైలు అన్నీ కావాలి. ఒప్పుకుంటే మాత్రం తన దగ్గరున్న నకలు చాలట. "ఒప్పేసుకో. మొదటి తప్పని మందలించి పంపేస్తారు. మధ్యాహ్నానికల్లా షాపులో ఉంటావు" అన్నారు. అయ్యా, కాదు అన్న మాట బీరువాలో ఉండిపోయింది, అవును అన్న మాట ఒక్కటే బయట ఉన్నది. ఇది న్యాయమేనా అని తమను అడిగేంతటిదాన్ని కాను. బీరువా గురించి మాత్రమే అడుగుతున్నాను.

6. నిన్న భోజనాల దగ్గర మా నాన్నగారు ఒప్పేసుకుంటానని చెప్పారు. మా అమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. "చేయనిది ఒప్పుకుంటావా నాన్నా?" అని నేను అడిగాను.

"తీసింది నేనే కదమ్మా. తీయలేదని ఎట్లా అంటాను?"

"తీయడం వేరు, దొంగతనం వేరు."

"ఆ ఇంటావిడ వాళ్ళమ్మ గొలుసు పోయింది తల్లీ. నా చేత్తో తీసిన తలుపులోంచి పోయింది. ఆ వీధిలోకి వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ చుట్టు తిరిగి పోతున్నా." కంచం పక్కకు జరిపి, "ఓపిక లేదమ్మా. ఆ బెంచీ మీద ఇంక కూర్చోలేను" అన్నారు.

నిఘంటువులో చూశాను. విచారం అన్న మాటకూ నేరం అన్న మాటకూ మధ్య చాలా పేజీలున్నాయి. మా నాన్నగారు అలసిపోయి ఆ పేజీలన్నీ ఒక్కసారే తిప్పేయబోతున్నారు. ఒకసారి ఒప్పుకున్న తరువాత ఆయనకు ఇంటి తాళం అప్పగించేవారెవరు? ఆయన చేతికి వేరే పని రాదు. ఇప్పటికే చాలామంది, "తర్వాత వస్తాంలే" అని చెప్పి తాళాలు తిరిగి పట్టుకుపోతున్నారు.

7. మాకు కావలసినది శిక్ష తప్పించడం కాదు. "తలుపు తీశాను, దొంగతనానికి తీయలేదు" అని ఆయన ఒక్కసారి నిలబడి చెప్పాలి, దాన్ని ఎవరో ఒకరు రాసుకోవాలి. కావున పన్నెండవ వాయిదా లోపల, తమ సమక్షంలోనో, తమరు నియమించినవారి సమక్షంలోనో, సదరు బీరువా తెరిపించే ఏర్పాటు చేయవలెనని ప్రార్థన. వేరే మనిషిని పిలిపించినా మాకు అభ్యంతరం లేదు. కానీ చుట్టుపక్కల అంత నెమ్మదిగా, రేకుకు గీత పడకుండా తీయగలవారు మా నాన్నగారేనని తెలిసినంతలో మనవి చేస్తున్నాను.

అలసిన మనిషి నోటి నుండి అవును అన్న మాట వచ్చేలోపు దీనిని చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
ముద్దాయి కుమార్తె

తా.క. తప్పులుంటే చెబుతారని ఇదంతా మా నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన గోడ వైపు తిరిగి ఏదో తాళానికి నూనె వేస్తూ విన్నారు. చివరికి, "బీరువా తీసేటప్పుడు పక్కన ఇద్దరు నిలబడాలని రాయి. పోయినసారి ఒక్క మాట నమ్మాను" అన్నారు. "ఊడివచ్చాక నేను అటు తిరిగి నిలబడతాను. కాపలా కాస్తున్నాననుకోవద్దని కూడా రాయి" అన్నారు. రాశాను.

"మరి ఒప్పుకుంటావా నాన్నా?" అని అడిగాను. "ముందు బీరువా తీయనీ" అన్నారు.

పదకొండు వాయిదాలకూ ఆయన పనిముట్ల సంచి ఇంట్లో పెట్టి వచ్చేవారు. ఈసారి దాన్ని తలుపు పక్కన మేకుకు, కోర్టుకు వేసుకొచ్చే చొక్కా మీదే తగిలించారు. గేటు దగ్గర సంచులు వెతికేవారికి దయచేసి ఒక మాట చెప్పి ఉంచగలరు.