నాలుగొందలు దాటకుండా

మామిడికుదురు,
ఆదివారం

చి.ల.సౌ. బేబికి,

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, మన ఎర్రకోడి పోయి పోయి బుచ్చిరాజు గారి గడ్డిమేటులో గుడ్డు పెట్టినందున, సదరు గుడ్డు కోడి గలవారిదా, గడ్డి గలవారిదా అన్న తగవు పెద్దల సమక్షంలో వాయిదా పడినది. ఈలోగా గుడ్డు నేను తినేసినట్టు వచ్చిన వదంతి నిజమే.

ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేను. ఇప్పుడైతే క్షేమమే. అమ్మిరాజు గారి కోడలు కువైట్ వస్తోందంటే రొయ్యల పచ్చడితో పాటు ఇది ఆవిడ చేతికిస్తున్నాను. ఫోనులో చెప్పే ధైర్యం లేదు. నువ్వు ఏడిస్తే నేను జోకులేస్తాను, నా బుద్ధి నీకు తెలుసు.

పీచు దుమ్ముతోనే ఇంట్లోకి వస్తున్నావా అని అడిగేవు. లేదు. కొబ్బరి వలుపు నుంచి రాగానే దొడ్లోనే నీళ్ళోసుకుని, చొక్కా దండెం మీద పడేసి వస్తున్నాను. రమణి పరుపు ఎండలో వేస్తున్నావా అన్నావు. వేస్తున్నాను. నాలుగు నెలలుగా పచ్చ రంగే వస్తోంది, డాక్టరమ్మ గారు మందు కూడా తగ్గించేరు, మరి పిల్ల ఫోనులో ఎందుకు ఆయాసపడుతోంది అన్నావు. దానికే ఈ ఉత్తరం.

డాక్టరమ్మ గారు రమణి ఫోనులో పెట్టించిన ఉబ్బసం యాప్ ఉంది చూడు. పొద్దున్నే ఊపిరి బలం కొలిచే గొట్టం ఊది ఆ అంకె వేస్తే పచ్చో, పసుపో, ఎరుపో వస్తుంది, అదే నీ ఫోనుకీ వస్తుంది. దసరా ముందు వరసగా మూడ్రోజులు పసుపొచ్చింది. నువ్వు ఏడుస్తూ పనిచేసే ఇంట్లో గాజు గిన్నెలు పగలగొట్టి మీ మేడమ్ చేత మాటలు పడ్డావు. నాలుగోరోజు గొట్టం నేను ఊదేను. మొదట సరదాకే.

"నీ ఊపిరి నా పేరున రాస్తే ఎలా నాన్నా, అమ్మకి తెలిసిపోద్ది" అంది రమణి.

"అమ్మకి తెలియాలనేగా పచ్చ తెప్పించింది" అన్నాను. ఇద్దరం నవ్వేం.

ఆవేళ నీ వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఏవండీ, పచ్చొచ్చిందండీ, ఇవాళ కడుపునిండా తిన్నానండీ" అని. ఆ మాట కోసం రోజూ ఊదేను. గట్టిగా ఊదితే నాకు ఐదొందలు దాటేస్తుంది, ఎవరూ నమ్మరు. అందుకని నాలుగొందలు దాటకుండా, ఒకరోజు మూడొందల ఎనభై, ఒకరోజు డెబ్భై, అంత పొందిగ్గా ఊదేవాణ్ణి. ఆ అంకెలు చూసే కదా డాక్టరమ్మ గారు మందు తగ్గించేరు.

మొన్న మంగళవారం కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో కూలబడింది. మాట రాలేదు. పెదాలు నీలంగా అయిపోయేయి. ఆటోలో రాజోలు ఆసుపత్రికి చేరేదాకా "ఊపిరి పీల్చుకో తల్లీ, పీల్చుకో" అంటూనే ఉన్నాను, అదేదో పంతం పట్టి మానేసినట్టు.

డాక్టరమ్మ గారు యాప్ తెరిచి, "పొద్దున్న కూడా పచ్చే ఉందేమ్మా, ఎవరు ఊదేరు?" అన్నారు. మాస్కు పెట్టుకున్న పిల్ల తన గుండె మీద చెయ్యేసి చూపించింది, తనే ఊదినట్టు. అప్పుడింక ఆగలేకపోయేను. "నేనండీ" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. "అయితే ఇన్నాళ్ళూ నేను మందు రాసింది మీకన్నమాట" అన్నారు.

పాత మందే మళ్ళీ మొదలెట్టేరు. గండం గడిచింది. మాస్కు తీసేక రమణి నా చెయ్యి పట్టుకుని "పోనీలే నాన్నా" అంది. శుక్రవారం ఇంటికొచ్చేం. ఇకనుంచి నీకొచ్చే రంగు దానిదే. ఇవాళ పసుపు. ఏడువు, కానీ నమ్ము.

ఇంకొక్కటి రాయకపోతే ఈ ఉత్తరమూ నేను ఊదిన గొట్టమే అవుతుంది. రమణి చెయ్యి పట్టుకుందనీ, పోనీలే అందనీ రాసేను కదా. అది నేను కల్పించింది. పిల్ల నాతో మాట్లాడి ఐదు రోజులైంది. పొద్దున్నే తనే ఊదుకుని, అంకె నాకు కనబడకుండా ఫోను తిప్పేసుకుంటోంది.

ఇట్లు,
రమణి నాన్న,
శ్యామ్ బాబు